సొంతచోటికి తిరిగి వచ్చాక కొత్త స్నేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు అరవై మూడు. ఉద్యోగరీత్యా దాదాపు మూడు దశాబ్దాలు విదేశంలో ఉండి, పదవీ విరమణ తరువాత భార్యతో కలిసి స్వదేశానికి తిరిగి వచ్చాను. ఏడాది దాటింది. వచ్చిన కొత్తలో బంధువులు, చిన్ననాటి స్నేహితులు ఎంతో ఆప్యాయంగా పలకరించారు. రెండు మూడు నెలలు గడిచేసరికి ఆ సందడి సద్దుమణిగింది, ఎవరి పనుల్లో వారు పడిపోయారు. చదువుకునే రోజుల్లో నన్ను విడిచి ఉండని మిత్రుడు నేను ఫోన్ చేస్తే బాగానే మాట్లాడతాడు గానీ, తనంతట తానుగా ఎప్పుడూ చేయడు. నలుగురిలో కూర్చున్నప్పుడు వాళ్లు తలుచుకుని నవ్వుకునే సంగతులు నాకు తెలియవు. నేను చెప్పబోయే ప్రతి సంగతీ “మేము అక్కడ ఉన్నప్పుడు” అనే మొదలవుతోందని గమనించి మధ్యలోనే ఆగిపోతున్నాను. పరాయి దేశంలో ఒంటరితనం ఉందంటే అర్థం ఉంది, సొంతచోట ఇలా అనిపించడమేమిటని నా మీద నాకే చిరాకు కలుగుతోంది. ఈ వయసులో కొత్తగా స్నేహాలు ఏర్పడతాయా? ఏర్పడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఏర్పడతాయి. అయితే ఎలా ఏర్పడతాయో చెప్పే ముందు, మీ ఉత్తరంలో నా మనసుకు ఎక్కువగా తగిలిన మాట గురించి మాట్లాడాలి. సొంతచోట ఒంటరితనం ఏమిటని మిమ్మల్ని మీరే తప్పుపట్టుకుంటున్నారు. అందులో మీ తప్పేమీ లేదు. మీకు ఎదురవుతున్న అనుభవాన్ని పరిశోధకులు ఎనభై ఏళ్లుగా గమనిస్తూనే ఉన్నారు.

ఆల్‌ఫ్రెడ్ షుట్జ్ అనే సామాజిక తత్త్వవేత్త ఆస్ట్రియా విడిచి అమెరికాలో స్థిరపడినవారు. ఆయన 1944లో పరాయి సమాజంలోకి కొత్తగా అడుగుపెట్టే మనిషి గురించి, 1945లో ఇంటికి తిరిగి వచ్చే మనిషి గురించి రెండు వ్యాసాలు రాశారు. పరాయి చోటికి వెళ్లేవాడికి అక్కడ అంతా కొత్తగా ఉంటుందని ముందే తెలుసు కనుక, చూసి నేర్చుకోవడానికి సిద్ధపడే వెళతాడు. తిరిగి వచ్చేవాడు మాత్రం తనకు అంతా తెలిసిన చోటికే వస్తున్నానని నమ్ముతాడు కనుక అలా సిద్ధపడడు. వెళ్లినవాడు మారాడు, ఉన్నవాళ్లూ మారారు, కానీ ఇద్దరి మనసుల్లోనూ ఎదుటివారి రూపం విడిపోయిన నాటిదే. మీరు మొదటిసారి విదేశం వెళ్లినప్పుడు తెలియని ప్రతి విషయాన్నీ మొహమాటం లేకుండా అడిగి ఉంటారు, పక్కింటివారిని మీరే ముందుగా పలకరించి ఉంటారు, ఎవరూ పిలవకపోయినా నొచ్చుకుని ఉండరు. తిరిగి వచ్చాక ఆ పనులేవీ చేయాల్సిన అవసరం ఉంటుందని మనసుకు తోచదు. మీకు ఇప్పుడు కలుగుతున్న చిరాకులో చాలా భాగం ఇక్కడి నుంచే పుడుతోందని నేను అనుకుంటున్నాను.

వచ్చిన కొత్తలోని సందడి చప్పబడిపోవడం కూడా మీ ఒక్కరికే జరిగినది కాదు. అమెరికాలో కొంతకాలం గడిపి వచ్చిన నార్వే పౌరుల అనుభవాలను పరిశీలించిన స్వెర్రె లిస్‌గార్డ్, పరాయి దేశంలో మొదట ఉత్సాహం, ఆపై కుంగుబాటు, ఆ తరువాత సర్దుబాటు వస్తాయని 1955లో రాశారు. స్వదేశానికి వచ్చాక కూడా ఇదే క్రమం మరోసారి నడుస్తుందని జాన్, జీన్ గల్లహార్న్ దంపతులు 1963లో వివరించారు. అందరి విషయంలోనూ ఈ ఎత్తుపల్లాలు ఇంత వరుసగా రావని తరువాతి పరిశోధనలు చూపాయి కనుక దీన్ని జాతకంలా నమ్మనక్కర్లేదు. మొదటి ఏడాది చివర మనసు దిగులుగా ఉన్నంత మాత్రాన తిరిగి రావడమే పొరపాటని తీర్మానించుకోవద్దని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

ఇక మీ మిత్రుడి సంగతి. ఆయన తనంతట తాను ఫోన్ చేయకపోవడాన్ని మీరు ఆదరణ తగ్గిపోవడంగా చదువుతున్నారు. మరో కోణం నుంచి చూడండి. ఒక మనిషి ఏకకాలంలో నిలుపుకోగల సంబంధాలు సుమారు 150 అని, వాటిలో అతి దగ్గరివారు ఐదుగురు, ఆ ఐదుగురినీ కలుపుకుని ఆప్తులు పదిహేను మంది, మంచి స్నేహితులు యాభై మంది ఉంటారని రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకుడు ప్రతిపాదించారు. ఈ అంకెలు ఎంత కచ్చితమన్న దానిపై వాదాలు ఉన్నాయి గానీ, మనిషి సమయమూ మనసూ పరిమితమన్న మూల విషయం మీద పెద్దగా తగాదా లేదు. మీరు వెళ్లిపోయిన నాడు ఆయన దగ్గర ఖాళీ అయిన చోటు మూడు దశాబ్దాలు అలాగే ఉండిపోదు. సహోద్యోగులు, వియ్యంకులు, ఇరుగుపొరుగువారు, ఆపదలో ఆదుకున్నవారు ఆ చోటిలోకి వచ్చి ఉంటారు. దానికి తోడు, వయసు పెరిగే కొద్దీ మనుషులు పరిచయాలను తగ్గించుకుని, మనసుకు బాగా దగ్గరైన కొద్దిమందితోనే కాలం గడపడానికి ఇష్టపడతారని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్‌సన్ పరిశోధనలు చెబుతున్నాయి. మీ తోటి వయసువారు గీత గీసుకుని కూర్చునే దశలో మీరు తలుపు తట్టారు. ఆయన తలుపు మూసేయలేదు, మీరు ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతున్నారు కదా.

కాబట్టి పాత మిత్రుల విషయంలో ఒక పని చేయమని గట్టిగా చెబుతాను: వారి ముప్పై ఏళ్ల గురించి అడగండి. తిరిగి వచ్చినవారిలో చాలామంది కలిసి చదువుకున్న రోజుల జ్ఞాపకాలతో మాట మొదలుపెడతారు, అవి రెండు మూడు కలయికల్లోనే అయిపోతాయి. ఆపైన తమ విదేశీ జీవితం గురించి చెప్పాలనిపిస్తుంది, దాన్ని ఊహించుకోవడానికి వినేవారి దగ్గర ఆధారమేదీ ఉండదు. మీకు తెలియకుండా మిగిలిపోయిన పెద్ద భాగం మీరు లేనప్పుడు వారు గడిపిన జీవితమే. మీ మిత్రుడి తల్లిదండ్రుల చివరి రోజులు ఎలా గడిచాయో, ఆయన ఉద్యోగంలో ఏ మలుపు తిరిగారో, పిల్లల చదువులప్పుడు ఏ ఇబ్బందులు పడ్డారో మీకు పైపైనే తెలిసి ఉండవచ్చు. “మీ నాన్నగారు పోయినప్పుడు నేను ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను, ఆ రోజుల్లో ఏం జరిగిందో నాకు చెప్పు” అని అడిగి, మధ్యలో మీ సంగతి కలపకుండా వినండి. ఆ ఒక్క సాయంత్రం మీ ఇద్దరి మధ్య చేసే మేలు పది పాత ఫోటోలు చూసుకున్నా రాదు. మీరు దూరాన ఉన్న కాలంలో వారి కష్టసుఖాలకు అందుబాటులో లేకపోయారన్న చిన్న మనస్తాపం కొందరిలో ఉంటుంది, వారు దాన్ని ఎప్పుడూ పైకి చెప్పరు. అడిగి వినడమే దానికి మందు.

వారు ఫోన్ చేయకపోయినా మీరు చేస్తూ ఉండండి. చాలాకాలంగా మాట్లాడని వారిని పలకరిస్తే వారెంత సంతోషిస్తారో మనం తక్కువగా అంచనా వేస్తామని పెగీ లియూ బృందం 2022లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఎదురుచూడని పలకరింపు అయితే ఆ సంతోషం మరింత ఎక్కువగా ఉంటుందని కూడా అందులో తేలింది. ఎవరు ఎన్నిసార్లు ఫోన్ చేశారన్న లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టండి. వెళ్లింది మీరు, తిరిగి వచ్చిందీ మీరు, కనుక మొదటి ఏడాది రెండేళ్లు చొరవ భారం మీ మీదే ఎక్కువగా పడుతుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాత స్నేహాలన్నీ మళ్లీ చిగురించినా, మీ రోజులు నిండడానికి అవి చాలవు. కొత్తవారు కావాలి. ఇక్కడ మనసుకు ధైర్యమిచ్చే అంకెలు కొన్ని ఉన్నాయి. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్, కొత్త చోటికి మారిన వయోజనులను, కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులను ప్రశ్నించి, 2018లో ఒక లెక్క వెల్లడించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని నిస్సంకోచంగా చెప్పుకోవడానికి సుమారు 90 గంటలు, ఆప్తమిత్రుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుందని ఆయన అంచనా. ఆ అధ్యయనం అమెరికాలోనివారిపై జరిగింది, వారు చెప్పిన జవాబుల మీద ఆధారపడింది, కనుక ఈ అంకెలను కొలబద్దగా పట్టుకోవద్దు. అయినా ఒకసారి లెక్క వేసుకుని చూడండి. వారానికి రెండు గంటలు కలిసే ఒక బృందంలో మీరు చేరితే 50 గంటలు పూర్తి కావడానికి దాదాపు ఆరు నెలలు, 90 గంటలకు పది నెలలకు పైగా, 200 గంటలకు రెండేళ్లకు దగ్గరగా పడుతుంది. మీరు వచ్చి ఏడాదే అయింది. ఇంకా ఎవరూ దగ్గర కాలేదని బాధపడుతున్న మీరు, ఒకే మనిషితో ఎన్ని గంటలు గడిపారో గుర్తు చేసుకుంటే, లోపం మీ స్వభావంలో లేదని మీకే తెలుస్తుంది.

ఆ అధ్యయనంలో నాకు ఇంకా ముఖ్యంగా తోచిన సంగతి ఒకటుంది. ఒకే చోట పనిచేస్తూ గడిపిన గంటలు అంతగా లెక్కలోకి రాలేదు, తీరికగా, ఇష్టపడి గడిపిన గంటలే స్నేహాన్ని పెంచాయి. అంటే ఏదో ఒక సంఘంలో సభ్యత్వం తీసుకుని సమావేశాలకు హాజరైనంత మాత్రాన పని జరగదు. ఆ సమావేశం బయట, “మీకు తీరికైతే రేపు కాసేపు నడుద్దామా” అని ఒకరిని అడగడం దగ్గర అసలు పని మొదలవుతుంది. చాలామంది ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

ఏ బృందంలో చేరాలన్నది మీ అభిరుచిని బట్టి ఉంటుంది గానీ, ఎంచుకునేటప్పుడు కొన్ని గమనించండి. వచ్చే మనుషులు వారం వారం మారిపోని చోటు చూసుకోండి. ముప్పై మంది ఉన్న చోటి కంటే ఎనిమిది మంది ఉన్న చోటు మేలు. వేదిక మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు విని వెళ్లిపోయే సభల్లో ఎన్నేళ్లు తిరిగినా పక్క కుర్చీలోని మనిషి పేరు తెలియదు. అందుకే కలిసి పాడేవి, ఆడేవి, చదివి చర్చించేవి, మొక్కలు పెంచేవి, పిల్లలకు పాఠాలు చెప్పేవి వంటి, అందరికీ ఏదో ఒక పాత్ర ఉండే వ్యాపకాలు ఎంచుకోండి. మీకు వచ్చిన విద్యలోనే చేరనక్కర్లేదు. మీకు రానిదాన్ని నేర్చుకునే చోట మీరు ఎవరికీ పెద్దవారు కారు, విదేశంలో మీ హోదా ఏమిటో ఎవరికీ పట్టదు, తప్పు చేసి పక్కవారిని సాయం అడగాల్సి వస్తుంది. సాయం అడగడంలో పుట్టే చనువు, సలహా చెప్పడంలో పుట్టదు.

చేరిన తరువాత ఒక చిన్న బాధ్యత తీసుకోండి. పది నిమిషాలు ముందే వెళ్లి కుర్చీలు సర్దండి, అయిపోయాక వాటిని మడిచి పెట్టడానికి ఆగండి. కార్యక్రమం నడుస్తున్నంతసేపూ అందరూ ఆ పని గురించే మాట్లాడతారు. కుర్చీలు మడుస్తూ, గది తాళం ఎవరి దగ్గరుందో వెతుకుతూ, వర్షం తగ్గేదాకా వరండాలో నిలబడి ఉన్నప్పుడు మాత్రం మోకాలి నొప్పి గురించి, దూరాన ఉన్న కూతురి గురించి మాట్లాడతారు. ఆ పావుగంట కోసమే మిగతా రెండు గంటలనీ, వెంటనే బయలుదేరిపోయేవారు దాన్నే వదులుకుంటున్నారనీ నేను గట్టిగా నమ్ముతాను.

దగ్గరి చోటు కూడా ముఖ్యం. లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు కలిసి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో వివాహిత విద్యార్థులు ఉండే నివాసాలను పరిశీలించి 1950లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే అంతస్తులో పక్క ఇంటివారిని స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం, ఒక ఇల్లు దాటి ఉన్నవారిని చెప్పినవారు 22 శాతం, అదే అంతస్తులో ఆ చివరన ఉన్నవారిని చెప్పినవారు 10 శాతం మాత్రమే. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉండేవారికి పై అంతస్తువారితో కూడా స్నేహం కుదిరింది. రోజూ ఎదురుపడటానికి అంత బలం ఉంది. కాబట్టి గంట ప్రయాణం చేసి వెళ్లాల్సిన గొప్ప బృందం కంటే, నడిచి వెళ్లగలిగే మామూలు బృందాన్ని ఎంచుకోమంటాను. దూరం ఉన్న చోటికి మొదటి నెల ఉత్సాహంగా వెళతాం, మూడో నెలలో సాకులు వెతుక్కుంటాం.

చివరగా, “మేము అక్కడ ఉన్నప్పుడు” అన్న మాట. దాన్ని పూర్తిగా మింగేయవద్దు. జీవితంలో సగభాగాన్ని దాచిపెట్టి ఎవరితోనూ దగ్గర కాలేము. అక్కడి రోడ్లు, అక్కడి కార్యాలయాలు, అక్కడి శుభ్రత ఇక్కడివాటితో పోల్చి చెబితే వినేవారికి తమను తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. అక్కడ మీరు పడ్డ అవమానం, మీకు సాయం చేసిన ఒక పొరుగు వ్యక్తి, మొదటి రోజుల్లో మీరు దారి తప్పిన సంగతి చెబితే అందరూ వింటారు, ఎందుకంటే అలాంటివి వారి జీవితాల్లోనూ ఉన్నాయి. దేశాల గురించి కాకుండా మనుషుల గురించి చెప్పండి, మీరు మధ్యలో ఆగిపోవాల్సిన అవసరం రాదు.

ప్రశ్న: మేము తిరిగి వచ్చింది నా భర్త పుట్టి పెరిగిన చోటికి. ఆయనకు అందరూ తెలిసినవారే, రోజూ ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు. నాకు మాత్రం ఇది కొత్త చోటు. అందరూ నన్ను మర్యాదగా చూస్తారు గానీ, నాకంటూ ఒక్క మనిషి లేదు. స్వభావరీత్యా నేను నలుగురిలో చొచ్చుకుపోలేను. ఎవరితోనైనా మాట్లాడి ఇంటికి వచ్చాక, ఏదో తప్పుగా అన్నానేమో, వారికి నేను నచ్చలేదేమో అన్న ఆలోచనతో రాత్రి నిద్ర పట్టదు. ఆయనతో చెబితే “ఇంతమంది ఉన్నారు కదా” అంటారు.

జవాబు: ఇంతమంది ఉన్నా అందరూ ఆయనవారు. మీరు వారికి ఫలానావారి భార్య, ఆ గుర్తింపుతో దొరికేది మర్యాద మాత్రమే. మీకు కావలసింది మీ పేరుతో మిమ్మల్ని ఎరిగిన మనిషి. ఈ తేడాను మీ భర్తకు ఫిర్యాదుగా కాక ఒక కోరికగా చెప్పండి: “మీ స్నేహితుల మధ్య నేను బాగానే ఉన్నాను, కానీ నాకు నా స్నేహితురాలు ఒకరు కావాలి, దానికోసం వారంలో రెండు పూటలు నేను బయటికి వెళతాను.” ఆయన ఇంటికి వచ్చేవారి మధ్య మీరు ఎంతసేపు కూర్చున్నా ఆ లోటు తీరదు. మీ పరిచయాలు ఆ ఇంటి బయట, ఆయన లేని చోట మొదలైతేనే మీకు సొంతం అవుతాయి.

మీకు నిద్ర పట్టనివ్వని ఆ ఆలోచన గురించి తెలుసుకోవలసింది ఉంది. అపరిచితులను కలిపి మాట్లాడించి, ఎదుటివారికి తాము ఎంత నచ్చామనుకుంటున్నారో ఇద్దరినీ వేర్వేరుగా అడిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఎరికా బూత్‌బీ, ఆమె సహపరిశోధకులు చేసిన ఆ పనిలో, తాము ఎదుటివారికి నచ్చిన దానికంటే తక్కువ నచ్చామని మనుషులు సగటున భావిస్తారని తేలింది. మొహమాటస్తులలో ఈ తేడా మరింత ఎక్కువ. మీరు రాత్రంతా తిరగేసుకునే ఆ మాటను ఎదుటి వ్యక్తి గమనించి కూడా ఉండకపోవచ్చు. ఆమె కూడా తను అన్న మాట గురించే మథనపడుతూ ఉండవచ్చు.

ఒంటరితనం మీద జీవితకాలం పనిచేసిన జాన్ కాచియోప్పో మరో విషయం చెప్పారు. ఒంటరితనం ఎక్కువకాలం ఉంటే మనసు కాపలాదారుగా మారుతుంది, ఎదుటివారి ముఖంలో, మాటలో తిరస్కారం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడుతుంది, వెతికితే దొరుకుతుంది, దొరికాక ఇంకా ముడుచుకుపోతుంది. దీన్ని ధైర్యం తెచ్చుకుని ఒక్కసారిగా తెంచలేరు. అందువల్ల మీకు పెద్ద బృందాల గురించి చెప్పను. ఒక్కరితో మొదలుపెట్టండి, అది కూడా స్నేహం అన్న బరువు లేకుండా. రోజూ ఒకే సమయానికి ఒకే దారిలో నడవండి, గ్రంథాలయానికి వెళితే ఒకే వేళకు వెళ్లండి. తరచూ కనబడే ముఖాలతో మూడు మాటలు మాట్లాడండి. అంతగా దగ్గర కాని పరిచయస్తులతో జరిగే ఇలాంటి చిన్న పలకరింపులు కూడా ఆ రోజును తేలిక చేస్తాయని జిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ 2014లో ప్రచురించిన పరిశోధన చూపింది. అవి స్నేహాలు కాకపోయినా, రోజూ ఇల్లు దాటి వెళ్లడానికి ఒక కారణం అవుతాయి. వారిలో ఒకరు ఏదో ఒక రోజు “నిన్న రాలేదేం?” అని అడుగుతారు. అలా అడిగిన మనిషి దగ్గర రెండో అడుగు వేయండి: మీరు చదువుతున్న పుస్తకం ఇవ్వండి, ఆమె దగ్గర ఏదైనా నేర్చుకోవాలనుందని చెప్పండి.

మీరు నలుగురిలో చొచ్చుకుపోలేనని రాశారు గానీ, ఒకరితో తీరికగా మాట్లాడగలరని మీ ఉత్తరమే చెబుతోంది. దగ్గరి స్నేహానికి కావలసింది ఆ రెండో గుణమే.

ఒక్క హెచ్చరిక. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు వదలకపోయినా, ఆకలి, నిద్ర పూర్తిగా చెదిరిపోయినా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా మనసు పోకపోయినా, అది స్నేహితులు దొరికితే తగ్గిపోతుందని ఎదురుచూడకండి. వైద్యుడిని కలవండి.

ప్రశ్న: మాకు ఇక్కడ ఉన్న స్నేహితులందరూ మాలాగే విదేశాల నుంచి తిరిగి వచ్చినవారే. వారితో మాకు హాయిగా ఉంటుంది. మా పెద్దబ్బాయి మాత్రం మీరు అక్కడే ఉండిపోయినట్టుంది, ఇక్కడివారితో కలవడం లేదు అంటాడు. ఇందులో తప్పుందా?

జవాబు: తప్పు లేదు. వివరించకుండానే అర్థం చేసుకునే మనుషులు దొరకడం అదృష్టమే. మొదటి ఒకటి రెండేళ్లు వారే మీకు ఆసరా. అయితే మీ అబ్బాయి మాటలో కూడా నిజం ఉంది. అందరూ ఒకే అనుభవం ఉన్న బృందంలో మాటలు తిరిగి తిరిగి ఒకే చోటికి చేరతాయి, ఇక్కడ ఏది బాగా లేదో పంచుకోవడమే కాలక్షేపంగా మారే ప్రమాదం ఉంటుంది. గట్టి బంధాలున్న బృందంలో అందరికీ తెలిసినవి ఒకే సంగతులనీ, కొత్త సమాచారం, కొత్త అవకాశాలు ఎక్కువగా అంత దగ్గర కాని పరిచయాల ద్వారా వస్తాయనీ మార్క్ గ్రానవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో వివరించారు. మంచి వైద్యుడు ఎవరో, ఏ కార్యాలయంలో ఏ పని ఎలా జరుగుతుందో, నమ్మకమైన పనివారు ఎక్కడ దొరుకుతారో ఇక్కడే ఉండిపోయినవారికి తెలిసినంతగా మీ బృందంలో ఎవరికీ తెలియదు. మీ బృందాన్ని వదులుకోకుండానే, మీలో ప్రతి ఒక్కరూ ఎప్పుడూ విదేశానికి వెళ్లని ఒక కుటుంబాన్ని మీ కలయికలకు తీసుకురండి. ఆ రోజు విదేశం ఊసు తక్కువగా రావాలని ముందే అనుకోండి, లేకపోతే వచ్చినవారు రెండోసారి రారు.

ప్రశ్న: విదేశంలో ఉన్నప్పటి స్నేహితులతో వాట్సాప్‌లో పలకరింపులు రానురాను పలచబడుతున్నాయి. ఇక్కడ కొత్త స్నేహాలు పెంచుకోవాలంటే అవి వదిలేయాలా? వేళలు కూడా కుదరడం లేదు.

జవాబు: వదిలేయవద్దు. కానీ అందరినీ నిలుపుకోవాలని చూడవద్దు. శామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ కలిసి, పాఠశాల చదువు ముగించి వేర్వేరు దారుల్లో వెళ్లిన యువతీయువకులను పద్దెనిమిది నెలల పాటు పరిశీలించారు. చుట్టరికాలు దూరాన్ని చాలావరకు తట్టుకున్నాయి, స్నేహాలు మాత్రం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టకపోతే పలచబడ్డాయి. అమ్మాయిల స్నేహాలను ఎక్కువగా మాటలు నిలబెడితే, అబ్బాయిల స్నేహాలను కలిసి చేసే పనులు నిలబెట్టాయని కూడా వారు గమనించారు. ఇది పెద్దవారికి ఎంతవరకు వర్తించినా, ఊరికే శుభోదయం సందేశాలు పంపుకోవడం ఏ స్నేహాన్నీ నిలపదన్నది మాత్రం మీ అనుభవంలోకి ఇప్పటికే వచ్చింది.

కాబట్టి ముగ్గురినో నలుగురినో ఎంచుకోండి. వారితో నెలకు ఒకసారి, ఇద్దరూ మెలకువగా ఉండే ఒక గంట ముందే ఖాయం చేసుకోండి. మీరు తూర్పున, వారు పడమరన ఉంటే మీ ఉదయం వారి రాత్రి అవుతుంది కనుక, సెలవు రోజున వారు తీరికగా ఉండే వేళను చూసుకోండి. మాట్లాడుకోవడంతో సరిపెట్టకుండా ఇద్దరూ ఒకే పుస్తకం చదవండి, లేదా ఫోన్‌లో చదరంగం ఆడండి. మిగిలిన పరిచయాలను ప్రస్తుతానికి నిశ్చింతగా నిద్రాణంగా ఉండనివ్వండి. చాలాకాలంగా ఆగిపోయిన పరిచయాలను మళ్లీ పలకరించమని ఉద్యోగంలో ఉన్న అధికారులను కోరిన ఒక పరిశోధన 2011లో వెలువడింది. ఆ పాత పరిచయస్తుల నుంచి వచ్చిన సలహాలు, అనుక్షణం అందుబాటులో ఉన్నవారి సలహాలకు ఏమాత్రం తీసిపోలేదని, కొన్నిసార్లు అంతకంటే ఉపయోగపడ్డాయని అందులో తేలింది. ఈ ఏడాది పలకరించని స్నేహితుడిని ఐదేళ్ల తరువాత పలకరించవచ్చు. అందుకు మీ దగ్గర ఆయన సరైన ఫోన్ నంబరు ఉండాలి, కనుక తిరిగి వచ్చాక మీ నంబరు మారి ఉంటే ఆ కబురు మాత్రం ఈ వారమే అందరికీ పంపండి.